‘ఇంట్లోనే ఉంటావు కదా, చదువుకోడానికేం?’

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 33. ఎమ్మెస్సీ బోటనీ, బీఈడీ చేశారు. ఒక ప్రైవేటు స్కూల్లో బయాలజీ చెప్పేవారు, రెండో కాన్పు తర్వాత మానేశారు. పాప రెండో తరగతి, బాబు ఎల్‌కేజీ. అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. మామయ్యకు షుగర్, పొద్దున ఇన్సులిన్ వేసుకున్నాక టిఫిన్ ఆలస్యం కాకూడదు. భర్త మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర పనిచేస్తారు. తొమ్మిదికి వెళ్తే మళ్లీ రాత్రి తొమ్మిదికే ఇంటికి రావడం.

2024 డిసెంబర్‌లో గ్రూప్-2 రాశారు, రాలేదు. ఇప్పుడు మళ్లీ చదువుతున్నారు. ‘చదువుతున్నాను అనడం కూడా అబద్ధమే’ అని ఆమే అంటున్నారు. ఒక మంగళవారం ఎలా గడిచిందో గంటగంటకూ రాసి పంపారు. ఐదుకు లేచారు. ఆ రోజు నల్లా వచ్చే రోజు కాబట్టి నీళ్లు పట్టేసరికి ఆరున్నర. టిఫిన్లు, బాక్సులు, స్కూల్ ఆటో. పదింటికి పుస్తకం తెరిచారు. గ్యాస్ బండ వచ్చింది. అత్తమ్మతో కాలు ఎక్సర్‌సైజులు చేయించారు. ఆడబిడ్డ ఫోన్ చేసింది. మళ్లీ కూర్చుంటే స్కూల్ వాట్సాప్ గ్రూపులో ‘రేపు పిల్లలు పసుపు రంగు డ్రెస్సులో రావాలి’ అని మెసేజ్. అది చూడ్డానికి తీసిన ఫోన్‌లోనే టెలిగ్రామ్‌లో ‘నోటిఫికేషన్ ఈ వారమే?’ అని కనిపించింది. తలెత్తేసరికి ముప్పావుగంట. పన్నెండున్నరకు బాబు వచ్చాడు. మధ్యాహ్నం హాల్లో సీరియళ్లు. సాయంత్రం పాప హోంవర్క్, వంట. రాత్రి పదిన్నరకు పుస్తకం పట్టుకుంటే రెండో పేజీకే నిద్ర. ఆ రోజు మొత్తం చదివింది శాతవాహనుల పాలనా వ్యవస్థ, అది కూడా ఇంతకుముందు చదివిందే.

చుట్టాలు ‘ఇంట్లోనే ఉంటావు కదా, చదువుకోడానికేం?’ అంటున్నారట. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలు వచ్చి హాస్టల్లో చేరమంటోంది. భర్త మంచివాడే కానీ ‘ఇంకో ఏడాది చూద్దాం, రాకపోతే వదిలేయ్’ అన్నారు. ‘లోపం నాలోనే ఉందా? ఏకాగ్రత పెంచుకునే మార్గం చెప్పండి’ అని ఆమె ప్రశ్న.

*

ఏకాగ్రత కుదరడం లేదని చాలామంది ఒక్క ముక్కలో రాసి ఊరుకుంటారు. మీరు ఒక రోజు లెక్క మొత్తం రాశారు కాబట్టి ఆ మంగళవారాన్ని పట్టుకునే మాట్లాడతాను.

మామయ్య టిఫిన్, అత్తమ్మ ఎక్సర్‌సైజులు, గ్యాస్ బండ, ఆడబిడ్డ ఫోను, టెలిగ్రామ్ గ్రూపు... అన్నిటినీ మీరు ‘డిస్టర్బెన్స్’ అని ఒకే గాటన కట్టేశారు. వాటిని విడదీయాలి. ఇన్సులిన్ వేసుకున్న మనిషికి వేళకు టిఫిన్ పెట్టడం చదువుకు అడ్డం అనుకున్నారనుకోండి, ప్లేటు పెట్టిన ప్రతిసారీ ఆయన మీద చిరాకు వస్తుంది. చిరాకు పడ్డందుకు కాసేపటికి మీ మీద మీకే కోపం వస్తుంది. టిఫిన్ పెట్టడానికి పట్టేది పావుగంట. ఈ చిరాకు, కోపం తినేసేది అంతకన్నా ఎక్కువ. మీరు రాసిన పనులన్నీ కూడి చూశాను. వంట, నీళ్లు, పిల్లలు, పెద్దవాళ్లు కలిపి రోజుకు పది గంటలు దాటుతోంది. జీతం లేదన్న మాటే గానీ అది డ్యూటీయే. కాబట్టి ‘ఖాళీగా ఉండి కూడా చదవలేకపోతున్నాను’ అని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఆపండి. పది గంటలు పనిచేస్తూ పోటీ పరీక్షకు చదివే మనిషికి ఎంత సమయం దొరుకుతుందో మీకూ అంతే దొరుకుతుంది. రోజుకు రెండు గంటలు, మంచి రోజైతే మూడు. ఆరు గంటల టైమ్‌టేబుల్ వేసుకుని రోజూ దాని ముందు ఓడిపోవడం కన్నా ఇది నిజమైన లెక్క.

చుట్టాల మాటకు జవాబు చెప్పే ఓపిక మీకు ఉంటే చెప్పండి, లేకపోతే నవ్వి ఊరుకోండి. ఆ మాట మీ భర్త నోటి నుంచి రానంతవరకు దానికి పెద్ద విలువ ఇవ్వక్కర్లేదు.

అడ్డంకుల్లో రెండో రకం వేరు. గ్యాస్ బండ, కొరియర్, ఆడబిడ్డ కబుర్లు. ఇవి వస్తాయి, పోతాయి. వీటిని పూర్తిగా ఆపలేరు గానీ వేళ మార్చొచ్చు. ఆడబిడ్డకు ‘పన్నెండింటికి బాబు ఆటో కోసం బయట నిలబడతాను, అప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం వదినా’ అంటే ఎవరూ నొచ్చుకోరు. ఒకటి రెండు సార్లు మరిచిపోయి పదింటికే చేస్తుంది. ఎత్తకండి. పన్నెండుకు మీరే చేయండి. వారం పది రోజుల్లో అలవాటైపోతుంది.

మీ చదువును అన్నిటికన్నా ఎక్కువ పాడుచేస్తున్నది మాత్రం ఇంట్లో వాళ్లెవరూ కాదని నా అనుమానం. ఆ మంగళవారం ఇంట్లో వాళ్లు మిమ్మల్ని లేపినప్పుడల్లా పది, ఇరవై నిమిషాలే పోయాయి. ముప్పావుగంట ఒక్క ఊపున పోయింది టెలిగ్రామ్‌లో. చిక్కేమిటంటే, సీరియల్ చూస్తే టైమ్ వేస్ట్ చేశానని మనకు తెలుస్తుంది. నోటిఫికేషన్ వార్తలు, కటాఫ్ చర్చలు, ‘రోజుకు పద్నాలుగు గంటలు చదివాను’ అనే ర్యాంకర్ల వీడియోలు, డౌన్‌లోడ్ చేసి పెట్టుకునే పీడీఎఫ్‌లు చూస్తే చదువుకు సంబంధించిన పనే చేశామనిపిస్తుంది. తప్పు చేసిన భావన రాదు, అందుకే ఆపబుద్ధి కాదు.

మొన్నటి గ్రూప్-2నే చూడండి. 783 పోస్టులకు నోటిఫికేషన్ 2022 డిసెంబర్ చివర్లో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు. అదే నెలలో గురుకుల టీచర్ పోస్టుల పరీక్షలు ఉన్నాయని అభ్యర్థులు ఆందోళన చేస్తే నవంబర్‌కు జరిపారు. అసెంబ్లీ ఎన్నికలు వచ్చాయి, 2024 జనవరి అన్నారు. అదీ పోయి ఆగస్టు అన్నారు. చివరికి డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. మీరూ రాశారు కాబట్టి ఆ రెండేళ్లు ఎలా గడిచాయో నాకన్నా మీకే బాగా తెలుసు. ప్రతి వాయిదాకు ముందు వారమంతా ‘ఉంటుందా, ఉండదా’, తర్వాత వారమంతా ‘ఇంకా టైమ్ ఉందిలే’. పరీక్షలో మాత్రం మొదట నోటిఫికేషన్‌లో ఇచ్చిన ఆ నాలుగు పేపర్లే వచ్చాయి. సుమారు ఐదున్నర లక్షల మంది దరఖాస్తు చేస్తే సగం మంది కూడా హాలుకు రాలేదు. వాయిదాల్లో ఓపిక నశించినవాళ్లు వాళ్లలో చాలామందే ఉంటారు. మీరు నాలుగు పేపర్లూ రాసి వచ్చారు, దాన్ని తీసిపారేయకండి.

దరఖాస్తుకు అప్పుడు ఇచ్చిన గడువు 2023 జనవరి 18 నుంచి ఫిబ్రవరి 16 దాకా. దాదాపు నెల. ఇలాంటి నోటిఫికేషన్ వచ్చిన పది నిమిషాలకు తెలిసినా, ఐదు రోజులకు తెలిసినా మీకు తేడా ఏముంది? ఆదివారం ఒక్కసారి పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైట్ చూడండి, చాలు. టెలిగ్రామ్ గ్రూపుల్లోంచి బయటికి రావాలా వద్దా అన్నది మీ ఇష్టం. వస్తే మొదటి వారం చేతులు ఊరికే ఫోన్ మీదికి పోతాయి, అందరికీ తెలిసింది నాకు తెలియలేదేమో అని టెన్షన్ ఉంటుంది. రాకుండా మ్యూట్‌లో పెడతానంటే, వారం తర్వాత మళ్లీ తెరిచే ప్రమాదం ఉంది. నేనైతే ఆ యాప్ తీసేసి, నిజంగా పనికొచ్చే గ్రూపు ఏదైనా ఉంటే మీ ఆయన ఫోన్‌లో చేర్పిస్తాను. స్కూల్ వాట్సాప్ గ్రూపు తప్పదు. దాన్ని పాపను పికప్ చేసే టైమ్‌కు ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి. పసుపు డ్రెస్సు సంగతి రాత్రి తెలిసినా కొంప మునిగిపోదు. పసుపు డ్రెస్సు ఇంట్లో లేకపోతే అది పొద్దున పదింటికి తెలిసినా లేదు కదా!

ఇక శాతవాహనుల సంగతి. నాలుగు రోజులు చదువు తెగిపోగానే మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెడుతున్నానని మీరే రాశారు. అందుకే శాతవాహనులు కంఠతా వచ్చారు, కుతుబ్‌షాహీల ముఖం ఇంకా చూడలేదు. తెలంగాణ చరిత్ర చదివే చాలామందికి ఇదే జబ్బు. తెలిసిన పేజీ మళ్లీ చదివితే హాయిగా ఉంటుంది, వచ్చేసినట్టే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని కొందరితో మళ్లీ మళ్లీ చదివించారు, ఇంకొందరితో ఒకసారి చదివించి పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే తారుమారైంది, పుస్తకం మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత లేదు.

ఇది మీకు చాలా కలిసొచ్చే విషయం. గుర్తు చేసుకోడానికి బల్ల అక్కర్లేదు, ఫోన్ అంతకన్నా అక్కర్లేదు. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోగా నాలుగో పేపర్‌లోని తెలంగాణ ఉద్యమ వరుస మనసులో చెప్పుకోండి. 1952 ముల్కీ ఆందోళన, 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973 ఆరు సూత్రాలు, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985లో 610 జీవో. ఎక్కడ ఆగిపోతారో అది ఫ్రిజ్ మీద కాగితంలో గీకి పెట్టండి. కూర్చున్నప్పుడు ముందు అదే తీయండి. నల్లా దగ్గర బిందె నిండేలోగా, ఆటో కోసం నిలబడ్డప్పుడు ఇదే పని. ఎకానమీలో కొత్త అధ్యాయం, లెక్కలు, రీజనింగ్ మాత్రం ఇలా కుదరవు. వాటికి తెగకుండా కూర్చునే సమయమే కావాలి, ఆ సంగతికి వస్తున్నాను.

మధ్యలో లేవాల్సి వచ్చినప్పుడు ఇంకో చిన్న పని. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు చాలా ఏళ్లుగా దీని మీదే పనిచేశారు. సగంలో వదిలేసిన పని దగ్గరే మనసు కొంత ఉండిపోతుందని 2009లో చూపించారు. తర్వాత 2018లో, లేచే ముందు ఒక్క నిమిషం ఆగి ఎక్కడిదాకా వచ్చామో, తిరిగొచ్చాక ఏం చేయాలో రాసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుందని కూడా చూపించారు. అత్తమ్మ పిలిచారు. ‘వస్తున్నా అత్తమ్మా’ అని, పెన్సిల్‌తో పేజీ అంచున ‘గణపతిదేవుడు, మోటుపల్లి అభయశాసనం అయింది. తర్వాత నాయంకర విధానం’ అని రాసి లేవండి. అప్పుడు ఎక్సర్‌సైజు చేయించేటప్పుడు మనసు ఆవిడ మోకాలి మీదే ఉంటుంది. తిరిగొచ్చాక ‘ఎక్కడున్నాను’ అని వెతుక్కుంటూ మళ్లీ శాతవాహనుల దగ్గరికి పోనక్కర్లేదు.

తెగకుండా కూర్చునే సమయం ఎక్కడ దొరుకుతుంది? నాకు నాలుగు దార్లు కనిపిస్తున్నాయి. ఏదీ ఉచితంగా రాదు.

ఇంట్లోనే ఉండి చదవడం మొదటిది. ఇందుకు మీ ఆయనతో కూర్చుని మాట్లాడాలి. ‘నాకు కాస్త సాయం చేయండి’ అంటే ఆయన సరే అంటారు, రెండు రోజులు చేస్తారు, అయిపోతుంది. అలా కాకుండా గంట పేరు చెప్పి అడగండి. ‘పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా నేను లోపలి గదిలో ఉంటాను. నీళ్లు పట్టడం, మామయ్య టిఫిన్, పిల్లల్ని లేపడం మీవి. ఇడ్లీ పిండి, చట్నీ నేను రాత్రే రెడీ చేసి పెడతాను’ అని. మొదట్లో బాబు టై కనిపించదు, చట్నీలో ఉప్పు తక్కువైందంటారు, మీరు లోపల్నుంచి అన్నీ వింటారు. బయటికి రాకండి. వచ్చారంటే ఆ గంట మళ్లీ మీ ఖాతాలోకే వచ్చేస్తుంది. అత్తమ్మకు కూడా కూర్చుని చేసే పని ఉంటే బాగుంటుంది. బాబుకు అన్నం తినిపించడం, పాప చేత ఎక్కాలు చెప్పించడం ఆవిడ చేయగలరు. మీరు అడగలేదేమో, ఆవిడా నడవలేక తనను ఎవరూ దేనికీ పిలవడం లేదనుకుంటున్నారేమో. ఈ దారిలో ఇంట్లో కొన్నాళ్లు మొహాలు ముడుచుకుంటాయి. అందుకు సిద్ధపడాలి. రాత్రి పదిన్నర చదువు మానేసి పడుకోవాలి కూడా, లేకపోతే ఐదున్నరకు లేవలేరు.

అప్పుడే ఆయన అన్న ‘ఏడాది’ సంగతి కూడా తేల్చుకోండి. ఆ మాటలో తప్పు లేదు, గడువు ఉండటం మంచిదే. ఏ రోజు నుంచి ఏడాది అన్నదే ప్రశ్న. గంటలు ఇచ్చిన రోజు నుంచి లెక్కపెట్టాలని మీరు అడగడం న్యాయం.

హనుమకొండలోనే లైబ్రరీకో, నెలకింత అని కట్టించుకునే రీడింగ్ రూమ్‌కో వెళ్లడం ఇంకో దారి. పిల్లలు వెళ్లాక పది నుంచి పన్నెండు. ఇంట్లో ఉంటే ‘ఉన్నావు కదా’ అని పిలుస్తారు, లేకపోతే గ్యాస్ బండ కుర్రాడితో మామయ్యే మాట్లాడుకుంటారు. అత్తమ్మ ఎక్సర్‌సైజులు సాయంత్రానికి మార్చాలి, అది ఫిజియోథెరపిస్టును అడిగి చేయండి. ఖర్చు ఉంది, రానూపోనూ టైమ్ పోతుంది, మీరు లేనప్పుడు మామయ్యకు షుగర్ పడిపోతే ఎవరు చూస్తారన్నది ముందే అనుకోవాలి. రోజూ కుదరకపోతే ఆదివారం ఒక్కరోజైనా వెళ్లి రెండున్నర గంటల్లో 150 ప్రశ్నల పేపర్ ఒకటి రాసి రండి. ఆ ఒక్క పూట పిల్లలు నాన్న దగ్గర. ఈ ఆదివారం పేపర్ మాత్రం ఏ దారి పట్టినా వదలొద్దంటాను.

హైదరాబాద్ హాస్టల్ గురించి మీ స్నేహితురాలు చెప్పినవన్నీ నిజమే. అశోక్‌నగర్, చిక్కడపల్లి లైబ్రరీ పరిసరాల్లో అందరూ అదే పనిమీద ఉంటారు, ఆ గాలే వేరు. కానీ మీ బాబుకు నాలుగేళ్లు. అక్కడ ఎదురుగా పుస్తకం ఉన్నా మనసు ఇక్కడే ఉంటే అదీ ఏకాగ్రత కాదు. అందరూ ఒకేచోట చేరారు కాబట్టి పుకార్లు కూడా అక్కడే ఎక్కువ, టెలిగ్రామ్ టీ కొట్టు దగ్గరే నిలబడి ఉంటుంది. ఏడాది పాటు వెళ్లడం నాకు సబబుగా అనిపించలేదు. పరీక్ష తేదీ ఖాయమయ్యాక చివరి నెల రోజులు వెళ్లి, ఇక్కడ మీ అమ్మగారు వచ్చి ఉండగలిగితే అది వేరే మాట.

నాలుగోది, కొన్నాళ్లు ఆపేయడం. అత్తమ్మ మోకాలు పూర్తిగా కుదుటపడి, బాబు పూర్తి పూట స్కూలుకు వెళ్లేదాకా. ఓడిపోయినట్టని ఎవరైనా అంటారని భయపడి ఈ దారిని కొట్టిపారేయకండి. వయసు మీదపడుతోందని రాశారు. తెలంగాణలో 2024లో గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46కు తాత్కాలికంగా పెంచారు. ఆ పెంపు లేకపోయినా 33 ఏళ్లకు తలుపులు మూసుకోవు. ఆపితే కలిగే నష్టం, చదివింది మరిచిపోవడం. మళ్లీ మొదలుపెట్టడానికి మనసొప్పకపోవచ్చు కూడా. ఆపేటప్పుడే తిరిగి మొదలుపెట్టే నెల క్యాలెండర్ మీద రాసి ఆపండి.

ఇంకో సంగతి, అడగకపోయినా చెబుతున్నాను. మీ అంత పెద్ద ఉత్తరంలో గ్రూప్-2 ఉద్యోగం వస్తే ఏం చేయాలనుందో ఎక్కడా లేదు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఉల్లిపాయ పొర ఒలిచి మైక్రోస్కోప్ కింద పెట్టి కణాలు చూపించిన రోజు గురించి మాత్రం అడగకుండానే అరపేజీ రాశారు. వెనక బెంచీ కుర్రాడు ‘టీచర్, ఇటుకల గోడలాగుంది’ అన్నాడని కూడా గుర్తుంది. దీన్నిబట్టి నేనేదో తీర్పు చెప్పడం లేదు. ఇంట్లో అందరికీ ‘ఆఫీసర్ ఉద్యోగం’ మీద ఆశ ఉండొచ్చు, మీకూ ఉండొచ్చు. పుస్తకం తెరవగానే మనసు పక్కకు పోవడానికి, అసలు ఆ పుస్తకం మీకు కావాల్సింది కాకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. బీఈడీ ఉంది కాబట్టి డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ బయాలజీ, ఎమ్మెస్సీ కూడా ఉంది కాబట్టి గురుకులాల పోస్టులు మీ ముందున్నాయి. 2024 డీఎస్సీలో అన్నీ కలిపి 11,062 పోస్టులు ఇచ్చారు. వాటిలో మీ సబ్జెక్టుకు, మీ జిల్లాకు వచ్చేవి కొన్నే ఉంటాయి, తర్వాతి నోటిఫికేషన్ ఎప్పుడో దానికీ గ్యారంటీ లేదు. కానీ ఇప్పటికే వచ్చిన బోటనీ అందులో పనికొస్తుంది. రోజుకు రెండు గంటలే ఉన్న మనిషికి అది చిన్న లాభం కాదు. రెండూ కలిపి చదువుతానంటే మాత్రం వద్దంటాను, ఆ రెండు గంటలు రెండు సిలబస్‌లకు చాలవు.

టీచర్ పోస్టుకు కావాల్సిన టెట్ అర్హత ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ఏ నిర్ణయం తీసుకున్నా ముందు అది రాసేయండి. 2021 నుంచి టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతోంది, ఒకసారి వస్తే మళ్లీ ఆ పని ఉండదు. గ్రూప్-2నా, టీచర్ పోస్టా అన్నది టెట్ రాసి వచ్చిన సాయంత్రం మీ ఆయనతో కూర్చుని తేల్చుకోండి.